గరిడి సైటు అప్పగింత

ఒక వెబ్‌సైటు కోసం మా ఇంట్లో రక్తాలు కారాయంటే రాయగడలో మా ఆఫీసు వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళెవరూ జయపురంలో మా వీధిలో పుట్టలేదు, మా నాన్న ముందు కర్ర పట్టుకుని నిలబడలేదు.

మా నాన్న భీమారావు మున్సిపాలిటీలో నీళ్ళ పైపులు బిగించి రిటైరయ్యాడు. అది జీతం కోసం. ప్రాణం పెట్టింది మాత్రం కర్రసాము మీద. మున్సిపాలిటీ క్వార్టర్ల వెనక రేకుల షెడ్డులో ఉంటుంది కర్ర నేర్పే మా గరిడి. పని వెతుక్కుంటూ శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఒడిశా ఊరికి వచ్చిన మా తాతలు అక్కడి నుంచి తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే. దసరా ఊరేగింపులో మా జట్టు కర్రలు తిప్పుకుంటూ నడుస్తుంది. రామనగుడ, గుణుపురం, రాయగడ జాతరల నుంచి పిలుపులు వస్తాయి. ఒకప్పుడు మనిషి వచ్చి తాంబూలం ఇచ్చి పిలిచేవాడు. ఇప్పుడు సైటులో వీడియోలు చూసి పిలుస్తున్నారు. ఆ సైటు చేసింది నేను. ఫొటోలు ఎక్కించేది, వచ్చిన పిలుపులకి జవాబు రాసేది, ఏటేటా దాన్ని బతికించేది కూడా నేనే.

నా పేరు హరిప్రియ. వీధిలో నాకు నోరెక్కువని పేరు. చెయ్యి కూడా తక్కువేం కాదు. నాన్న నాకూ తమ్ముడికీ కలిపే కర్ర నేర్పాడు.

ఆ వానాకాలంలో నాకు రైల్వేలో గుమస్తా ఉద్యోగం వచ్చింది. దసరా దాటగానే రాయగడ వెళ్ళి చేరాలి. సైటు అక్కడి నుంచే చూసుకుంటానన్నాను. ఎక్కడ కూర్చున్నా చెయ్యొచ్చని నచ్చజెప్పాను. నాన్న వినలేదు.

"కర్ర ఊర్లో ఉండాల, అది పట్టినోలు పొరుగూర్లో ఉండకూడదు. ఎవులికో ఒకలికి నేర్పి ఎల్లు," అన్నాడు.

సరేనని ఇద్దరికి పంచాను. ఒకడు మా తమ్ముడు మల్లేశ్వరరావు. ఆటో నడుపుతాడు. కర్ర పడితే వాడి ముందు నిలిచేవాడు ఈ చుట్టుపక్కల లేడు. కోపం వస్తే వాడి ముందు వాడే నిలవలేడు. రెండో మనిషి సస్మిత. పక్కింటి ఒడియా వాళ్ళ పిల్ల, కాలేజీలో చదువుతోంది, మా గరిడిలో చిన్న ఆడపిల్లలకి కర్ర నేర్పుతుంది. నన్ను ఒడియాలో నానీ అని పిలుస్తుంది, అంటే అక్క అని, మా తమ్ముడు అప్పా అన్నట్టు. ఇద్దరూ తమ తమ ఫోన్లలోంచి సైటులో రాసేటట్టు ఏర్పాటు చేశాను. అసలు పాస్‌వర్డు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. అంత మాత్రం బుద్ధి ఉంది నాకు.

వారం తిరక్కుండా మల్లేసు తన బుద్ధి చూపించాడు.

బజారు వైపు ఇంకో గరిడి ఉంది. దాని గురువు సత్తిబాబు మా నాన్న ఈడువాడు. రామనగుడ జాతరలో ఆ పెద్దాయన బురదలో కాలు జారి వెల్లకిలా పడ్డాడు, పంచె ఊడింది. అది ఎవరో ఫోన్‌లో తీశారు. మా తమ్ముడు దాన్ని తెచ్చి మా సైటు మొదటి పేజీలో పెట్టి, కింద రాశాడు: ‘నిలబడలేని వాళ్ళని పిలిచి డబ్బులు పారేసుకోకండి. మమ్మల్ని పిలవండి.’

సస్మిత వగరుస్తూ మా ఇంటికి వచ్చింది. "నానీ, ఇది మీరు పెట్టారా? తీసెయ్యనా?"

తీసెయ్యమన్నాను. అది తీసింది. కానీ అప్పటికే జయపురంలో ప్రతి ఫోన్‌లోనూ ఆ ముసలాయన పంచె ఊడుతూనే ఉంది.

మర్నాడు, నేను అప్పటికి పనిచేస్తున్న మిల్లు ఆఫీసులో పని దిగి వస్తుంటే ఆటో స్టాండు దగ్గర జనం మూగి ఉన్నారు. సత్తిబాబు పెద్ద కొడుకు, పెద్దబ్బాయి అంటారు, మా తమ్ముడి ఆటో అద్దం పగలగొట్టాడు. మా తమ్ముడు వాడిని నేల మీద వేసి జాకీ రాడ్‌తో బాదుతున్నాడు. వాడి పెదవి చీలి పన్ను బయటికి కనిపిస్తోంది. చుట్టూ ఉన్న మగాళ్ళందరూ చూస్తున్నారు, ఒక్కడూ కదలడు. నేను వెళ్ళి మల్లేసు జుట్టు రెండు చేతులా పట్టుకుని వెనక్కి గుంజాను. వాడు నన్ను చూడకుండానే మోచేత్తో నా పొట్టలో పొడిచాడు. కింద పెద్దబ్బాయి జేబులోంచి ఏదో లాగి మల్లేసు ఎడమ భుజం మీద గీశాడు. చొక్కా చిరిగి రక్తం చిమ్మి నా ముఖాన పడింది. అప్పుడు కదిలారు మగాళ్ళు.

"ఒకడి పంచె ఊడితే నీకేటి సరదా రా, ఎదవా," అన్నాను ఇంటికి వచ్చాక, వాడి భుజానికి కుట్లు వేయించి తెచ్చిన అమ్మ ముందే.

"నాను అబద్దం పెట్టేనా? పడ్డాడా నేదా ఆ ముసిలోడు?" అన్నాడు వాడు.

సత్తిబాబు గరిడి వాళ్ళు ఆదివారం పొద్దున వచ్చారు. మా అమ్మ సుభద్రమ్మ పొయ్యి దగ్గర గంజి వారుస్తోంది. కర్రలతో ఆరేడుగురు వీధిలోకి దిగడం కిటికీలోంచి చూసి, గంజి గిన్నె పట్టుకునే గుమ్మంలోకి నడిచింది. మొదట మెట్టెక్కినవాడి ఛాతీ మీద అంతా కుమ్మరించింది. వాడి అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఇంకొకడు మా నీళ్ళ డ్రమ్ము పగలగొట్టాడు. మల్లేసు పెరట్లోంచి కర్ర పట్టుకుని పరిగెత్తుకొస్తుంటే నేను వాడి నడుం పట్టుకుని వేలాడాను. వాడు నన్ను ఈడ్చుకుంటూనే వస్తున్నాడు.

నాన్న అందరికంటే ముందు గుమ్మం దాటాడు. చేతిలో ఏమీ లేదు.

"కర్రలు కింద పెట్టండ్రా. గరిడి పిల్లలు ఆడోలున్న ఇంటి మీదకి కర్ర ఎత్తుతారేటి? ఇలాగేనా మీ గురువు మీకు నేర్పిందీ?" అని కుడి చెయ్యి చాపాడు, కర్ర ఇచ్చెయ్యమన్నట్టు.

చీలిన పెదవితో పెద్దబ్బాయి ముందుకొచ్చి ఆ చాపిన చేతి మీద కొట్టాడు. చెయ్యి ద్వారబంధానికీ కర్రకీ మధ్య నలిగింది. నాన్న అరవలేదు. తన వేళ్ళ వైపు చూసుకుని, అవి తనవి కావన్నట్టు ఇంకో చేత్తో పట్టుకున్నాడు.

అంతలో సత్తిబాబు పరిగెత్తుకుంటూ వచ్చాడు. కొడుకూ శిష్యులూ వెళ్ళారని ఎవరో చెప్పి ఉంటారు. నాన్న చెయ్యి చూసి, పెద్దబ్బాయి చేతిలో కర్ర లాక్కుని, దాంతోనే కొడుకుని మోకాళ్ళ మీద పడేదాకా కొట్టాడు. తరవాత మా మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. నాన్న పోయి ఆయన పక్కన కూర్చున్నాడు.

"నీ పంచె ఇసయంలో మా ఓడిదే తప్పు, బావా," అన్నాడు నాన్న. డాక్టరు తరవాత చెప్పాడు, ఆ చెయ్యి ఇంక కర్ర పట్టదని.

ఆ మధ్యాహ్నమే నేను సైటులోంచి ఇద్దరినీ తీసేశాను. సస్మిత సరేనంది. మల్లేసు నా గది తలుపు తన్ని గొళ్ళెం ఊడగొట్టుకుని లోపలికి వచ్చాడు.

"పాస్‌వర్డు సెప్పు."

"ఎందుకు?"

"నాన్న సెయ్యి ఇరగ్గొట్టినోల ఫొటోలు పెడతాను. ఒక్కొక్కడి పేరూ, ఇల్లూ, పని సేసే సోటూ రాస్తాను. మన కుర్రోలు అన్ని ఊర్లలోనూ ఉన్నారు. ఎక్కడ దొరికితే అక్కడ ఆల్ల కాల్లు ఇరిసేస్తారు."

"ఎవుడో ఒకడు సస్తాడు."

"సావనీ."

"సెప్పను."

నా గొంతు పట్టుకున్నాడు. నిజంగానే పట్టుకున్నాడు, బెదిరించడానికి కాదు. గోడకి నా తల తగిలింది. నా కళ్ళ ముందు చీకట్లు కమ్ముతుండగా అమ్మ ఇనప గరిటెతో వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. చెయ్యి వదిలేసి, నిలబెట్టి ఉన్న బిందెను తన్ని బయటికి పోయాడు. నాకు అప్పుడు వాడంటే అసహ్యం వేసింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది. పాస్‌వర్డు వాడి చేతిలో పడితే వాడు అన్నంత పనీ చేస్తాడు. దసరా లోపల ఏదో ఒక ఇంటి నుంచి శవం లేస్తుంది. దాని తరవాత మా ఇంటి నుంచి ఇంకోటి లేస్తుంది.

పోలీసులు వచ్చి రెండు వైపులా నలుగుర్ని తీసుకుపోయి పెద్దల మాట మీద వదిలేశారు. రెండు గరిడీల పెద్దలూ కూర్చున్నారు. సైటుకి ఒక్క మనిషే బాధ్యుడుగా ఉండాలి, అందులో ఏం వచ్చినా ఆ మనిషినే అడుగుతాం, విజయదశమి లోపల ఎవరో తేల్చండి, లేకపోతే మీ జట్టు ఊరేగింపులో నడవదు అన్నారు.

నాన్న కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, "అయితే అప్పగింత పెడతాం," అన్నాడు.

మా గరిడిలో చేతులు మారే వస్తువు ఏదైనా ఒకటే లెక్క. డప్పు మారినా అంతే, షెడ్డు తాళాలు మారినా అంతే. ఇచ్చే మనిషి కర్ర పట్టుకుని కొట్టాలి. తీసుకునే మనిషి తన కర్రతో కాసుకోవాలి, అంతేగాని తిరిగి కొట్టకూడదు. ఇచ్చే మనిషికి చాలనిపించినప్పుడు ఆపి, కర్రను రెండు చేతులతో అందిస్తారు. అప్పుడు అది వాళ్ళదవుతుంది. ఒళ్ళు మండినా చెయ్యి లేవనివాడే ఏదైనా కాపాడగలడని నాన్న నమ్మకం. మధ్యలో ఒక్క దెబ్బ తిరిగి కొట్టినా సరే, వాడు గరిడి వాడు కాదు, పేరు తీసేస్తారు. ఇచ్చే మనిషికి కూడా ఒక కట్టుబాటు ఉంది. కావాలని ఒళ్ళు తెరిచి ఆశ పెట్టకూడదు. దాన్ని ఎర అంటాం. ఎర పెడితే ఆట చెల్లదు, తీసుకునేవాడు గెలిచినట్టే.

కంప్యూటర్‌లో ఉండేదానికి కూడా ఇదేనా అని నేను అడగలేదు. అడిగితే, దాని వల్ల విరిగిన చెయ్యి కంప్యూటర్‌లో ఉందా అనేవాడు నాన్న.

"ముందు ఇంటోడు. ఆడు తప్పితే పక్కింటమ్మి. అమ్మీ, ఇచ్చేది నువ్వు. కర్ర పట్టాల్సిందీ నువ్వే," అన్నాడు నాతో.

మల్లేసు నా వైపు చూశాడు. వాడు ఏం ఆలోచిస్తున్నాడో నాకు తెలుసు. అక్క దెబ్బలు చిన్నప్పటి నుంచీ తింటూనే ఉన్నాడు, ఇంకో పూట తింటే పాస్‌వర్డు తనదవుతుంది.

ఊరేగింపుకి ముందు రోజు పొద్దున్నే షెడ్డులో కూడారు. బయట వాన తెరిపి ఇచ్చింది. నాన్న స్టూలు మీద, ఆయన పక్కన సాక్షిగా సత్తిబాబు, గోడ వారన సస్మిత, గుమ్మం దగ్గర అమ్మ. నేను చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కర్ర తీసుకున్నాను. వాడు చొక్కా విప్పాడు. భుజం మీద కుట్లు ఇంకా తీయలేదు.

నేను మొదటి దెబ్బే ఆ కుట్ల మీద వేశాను.

కాసుకున్నాడు గాని, కర్ర జారి సగం తగిలింది. రెండోది తొడ మీద. మూడోది మళ్ళీ భుజం. కుట్లు పగిలి రక్తం మోచేతి దాకా దిగింది. వాడు పళ్ళు బిగబట్టాడు, చెయ్యి లేవలేదు. నేను ఆపలేదు. గొంతు పట్టుకున్న పూట గోడకి తగిలిన నా తల గుర్తు చేసుకుంటూ కొట్టాను. నాన్న వేళ్ళు గుర్తు చేసుకుంటూ కొట్టాను. చెవి మీద, మణికట్టు మీద, మోకాలి చిప్ప మీద. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏటి రా, సాలదా? ఆటో స్టాండులో కింద పడినోడిని కొట్టేవు కదా, మగోడివి," అన్నాను.

"నోరు మూసి కొట్టమ్మీ," అన్నాడు నాన్న.

కొట్టాను. వాడి కనుబొమ్మ చీలింది. రక్తం కంట్లోకి పోతుంటే ఒక్క కన్నుతో నా కర్రను చూస్తూ కాసుకుంటున్నాడు. ఏం కాసుకున్నాడనుకున్నారు. నా తమ్ముడు అలా నిలబడితే నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. ఆ గర్వం చూసుకుని నాకే ఒళ్ళు మండింది. వీడు నిలిచేటట్టున్నాడు. వీడు నిలిస్తే నేను కర్ర రెండు చేతుల్తో అందించాలి. పాస్‌వర్డు చెప్పాలి. రేపు ఊరేగింపు నడుస్తుంది, ఎల్లుండి ఫొటోలు ఎక్కుతాయి, ఆ తరవాత ఎవరి అమ్మో కొంగు నోట్లో కుక్కుకుంటుంది.

నా చేతులు అలిసిపోయాయి. ఇంక కొట్టలేను.

కర్రను తలపైకి ఎత్తి తిప్పాను. తిప్పుతూ కాలు జారినట్టు కుడి పక్కకి వంగి, ఆ పక్కంతా తెరిచేశాను.

వాడి కర్ర వచ్చింది. ముందు చప్పుడు విన్నాను, తరవాత నొప్పి తెలిసింది. నా కుడి చెయ్యి మోచేతి కింద ఉండకూడని చోట వంగింది. నేను నేల మీద కూర్చుండిపోయాను.

"మల్లేసూ, కర్ర కింద పెట్టు," అన్నాడు నాన్న చాలా మెల్లగా.

వాడు పెట్టాడు. వచ్చి నన్ను చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తుకుని తన ఆటోలో పడుకోబెట్టాడు. అద్దం లేని ఆటో. అమ్మ వస్తానంటే ఆగలేదు. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా నేను కేకలు పెడుతున్నాను. వాడి కనుబొమ్మ రక్తం గడ్డం మీంచి హ్యాండిల్ మీద పడుతోంది.

బస్టాండు దాటాక వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "అప్పా. ఎర పెట్టేవు కదా."

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "సూసేవా?"

"సూసేను. కాలు జారనేదు నీకు. నీ కాలు ఎప్పుడు జారినాది గనక."

"సూసి మరెందుకు కొట్టేవు?"

అడ్డం వచ్చిన ఆవు కోసం బండి ఆపాడు. అది వెళ్ళినా కదల్లేదు.

"ఎర అని తెలిసినాది. కొట్టకూడదనీ తెలిసినాది. అయినా సెయ్యి ఎల్లిపోనాది. తెలిసి కూడా ఆపుకోనేకపోనాను, అప్పా." కనుబొమ్మ రక్తం మోచేత్తో తుడుచుకున్నాడు. "నాలాటోడికి అది ఇవ్వకూడదు. ఆ అమ్మికే ఇచ్చీ."

"నాన్నకి నాను సెప్పేస్తాను, ఎర పెట్టేనని. ఆట సెల్లదు. నీ పేరు ఉంటాది."

"సెప్పకు. సెప్పేవంటే సైటు నాకు వస్తాది. సెప్పకు." బండి కదిలించాడు.

ఆస్పత్రిలో నా చేతికి కట్టు కట్టారు. ఇంకో చేతికి సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తున్నారు. వాడి కనుబొమ్మకీ భుజానికీ మళ్ళీ కుట్లు వేశారు. మధ్యాహ్నం సస్మిత నా లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. గరిడీల పెద్దలు సాయంత్రం సైటు చూస్తారట. ఈలోగా అప్పగింత అందులో కనబడాలట. కర్ర పట్టడానికి నాకు చెయ్యి లేదు కాబట్టి ఆ పిల్లకి దెబ్బలు మాఫీ చేశాడట నాన్న.

"అయితే నువ్వే తెరిచి నీ నంబరు పెట్టుకో," అన్నాను.

అది రెండడుగులు వెనక్కి వేసింది. "నేను ముట్టుకోను నానీ. తీసుకునేవాళ్ళు లాక్కోకూడదని గురువుగారు అన్నారు. మీరే ఇవ్వాలి." లాప్‌టాప్ మంచం మీద పెట్టి వరండాలోకి పోయి నిలబడింది.

నా రెండు చేతులూ పనికిరావు. మల్లేసు స్టూలు మీద గోడకి తల ఆనించి కూర్చుని ఉన్నాడు. నేను వాడి వైపు చూశాను. వాడు లేచాడు, చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సెప్పు," అన్నాడు.

ఏ మాట కోసం నా గొంతు పట్టుకున్నాడో ఆ మాట వాడికి చెప్పాను. ఒక్కో అక్షరమే ఒక వేలితో కొట్టాడు. సైటు తెరుచుకుంది. ఎక్కడ నొక్కాలో నేను చెబుతుంటే సైటు బాధ్యుల దగ్గర ఉన్న నా ఫోన్ నంబరు తీసి సస్మిత నంబరు పెట్టాడు. మొదటి పేజీలో ‘ఇక నుంచి ఈ సైటు బాధ్యత సస్మితది’ అని రాశాడు. తరవాత గరిడి సభ్యుల పేజీకి వెళ్ళాడు. నాన్న కింద రెండో ఫొటో వాడిదే. పోయిన దసరాకి నేను తీసింది, కర్ర భుజాన వేసుకుని నవ్వుతున్నాడు.

"అది రేపు తీద్దాం రా," అన్నాను. నాకు ఏడుపు ఆగడం లేదు.

"ఇచ్చేసినాక రేపు నీకేటి అధికారం ఉన్నాది," అన్నాడు.

తన ఫొటో తీశాడు. పేరు తీశాడు. ఆ ఖాళీలోకి కింద వాళ్ళందరూ ఒక్కో గడి పైకి జరిగారు. వాడు కాసేపు చూసి, మూత వేసి, లాప్‌టాప్ రెండు చేతులతో నా ఒళ్ళో పెట్టాడు.

"ఆ అమ్మికి సెప్పు, పాస్‌వర్డు మార్సీమను. నాకు తెలిసిపోనాది కదా."

సరే చెబుతాలే అన్నాను. సస్మిత లోపలికి వచ్చి పాస్‌వర్డు రాసుకుని, లాప్‌టాప్ తీసుకుని వెళ్ళింది. దాన్ని మార్చమని మాత్రం నేను దానికి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.